ఇంజనీరు చేతిలో ప్రాణం

గోదావరిఖనిలో మొదటి షిఫ్టుకు బయలుదేరిన బొగ్గుగని కార్మికుడు బాయిలోకి దిగేముందు రెండు వస్తువులను వెంట తీసుకుంటాడు. ఒకటి తలకు తగిలించుకునే దీపం. రెండవది నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ అనే చిన్న డబ్బా. దీపం వెలుగుతున్నదో లేదో అతడు అక్కడికక్కడే చూసుకోగలడు. డబ్బా సంగతి అటువంటిది కాదు. అది ముద్ర వేసి మూసిన పెట్టె. గనిలో మంట రేగి విషవాయువు కమ్ముకున్ననాడు దానిని తెరచి, నోటికి తగిలించుకొని, సురక్షిత స్థలం చేరేవరకు దానిగుండా ఊపిరి పీల్చాలి. లోపలి రసాయనం కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఒకసారి ముద్ర తీసిన పెట్టె మళ్లీ పనికిరాదు. కనుక తన నడుమున ఉన్న ఆ పెట్టె పనిచేస్తుందో లేదో ముందుగా పరీక్షించుకొనే అవకాశం కార్మికునికి లేదు. పరీక్ష జరిగిన రోజే అతని ప్రాణానికి పరీక్ష. ఎన్నో ఏళ్లపాటు ఆ బరువును మోసిన మనిషి, తాను ఎన్నడూ చూడని, పేరైనా తెలియని ఒక ఇంజనీరును నమ్మి పాతాళానికి దిగుతున్నాడన్నమాట.

ఆసుపత్రిలో మంచంమీద పడుకున్న రోగి స్థితి కూడా ఇంతే. మత్తుమందు ఇచ్చిన తరువాత శ్వాసయంత్రం ఎంత గాలిని పంపుతున్నదో అతడు చూడలేడు. గుండెలో అమర్చిన కవాటాన్ని తీసి పరిశీలించలేడు. వైద్యుని ముఖమైనా రోగికి కనిపిస్తుంది. యంత్రాన్ని రూపొందించినవాని ముఖం కనిపించదు. వైద్యునికీ రోగికీ నడుమ గల ధర్మం గురించి ప్రాచీనకాలం నుండి చర్చ జరుగుతూనే ఉన్నది. జీవవైద్య పరిశోధనలో ఇంజనీరు పాటించవలసిన ధర్మం గురించిన చర్చ మాత్రం ఇటీవలిది. యంత్రాలు శరీరంలోకి ప్రవేశించిన తరువాతనే ఆ అవసరం ఏర్పడింది.

గనులకూ ఈ విషయానికీ పాత చుట్టరికమే ఉన్నది. 1815లో ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ మీథేన్ వాయువును మండించని దీపాన్ని కనిపెట్టాడు. దానిపై పేటెంటు తీసుకొని ధనం గడించే అవకాశం ఉన్నా ఆయన తీసుకోలేదు. మెచ్చుకోదగిన నిర్ణయమే. అయితే కథ అక్కడితో ముగియలేదు. దీపం చేతికి వచ్చిన తరువాత, అంతకుముందు ప్రమాదకరమని వదలివేసిన వాయుపూరితమైన గనులను యజమానులు మళ్లీ తెరిపించారు. దీపం చుట్టూ ఉండే సన్నని వల చిరిగినచోట విస్ఫోటనాలూ తప్పలేదు. ఆశించినంతగా మరణాలు తగ్గలేదు. రక్షణ కోసం తయారైన సాధనం ఎవరి చేతిలో పడి ఎట్లా వినియోగమవుతుందో కూడా ఆలోచించవలసిన బాధ్యత రూపకర్తకు ఉన్నదా? నేటికీ ఈ ప్రశ్న పాతబడలేదు.

తెలుగునేల మీద ఈ ధర్మానికి తరచుగా చూపే దృష్టాంతం హైదరాబాదులో జరిగినది. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చారు. ఆయన నాయకత్వంలో రూపొందిన అగ్ని క్షిపణి 1989 మే 22న తొలిసారిగా నింగికెగసింది. క్షిపణులకోసం అక్కడి శాస్త్రవేత్తలు మిక్కిలి తేలికగానూ దృఢంగానూ ఉండే మిశ్రమ పదార్థాలను తయారుచేసేవారు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యనిపుణుడు ఒకరు ఒకనాడు ఆ ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని దాని తేలికదనానికి ఆశ్చర్యపోయారు. కలాంను తన ఆసుపత్రికి తీసుకొనిపోయి పోలియో బాధిత బాలబాలికలను చూపించారు. ఆ పిల్లలు కాళ్లకు మూడు కిలోలకు పైగా బరువుండే లోహపు ఊతకట్లు తగిలించుకొని, కాళ్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో ప్రయోగశాల మూడు వందల గ్రాముల ఊతకట్టును తయారుచేసి ఇచ్చింది. పిల్లలు వాటిని ధరించి తిరుగుతూ ఉంటే తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయని కలాం అనేక సభలలో చెప్పుకొనేవారు.

ఈ సంఘటనను తలచుకున్నప్పుడల్లా కలాం పేరు చెప్పి ఊరుకోవడం పరిపాటి. నిజానికి ఇందులో మొదటి అడుగు ఆ వైద్యునిది. రోగి బాధ తెలిసినవాడు పదార్థం తెలిసినవాని వద్దకు వెళ్లాడు. పదార్థం తెలిసినవాడు తన కుర్చీలోంచి లేచి రోగి వద్దకు వచ్చాడు. ఈ రెండు నడకలలో ఏ ఒక్కటి జరగకపోయినా ఆ పదార్థం క్షిపణికే పరిమితమయ్యేది. పిల్లవాని కాలికి వేలాడిన అదనపు బరువు ప్రతి అడుగుకూ అతడు చెల్లించిన సుంకమే గదా! అటువంటి సుంకం ఒకటి ఉన్నదని కూడా ఇంజనీరుకు అప్పటిదాకా తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకొనే ప్రయత్నం చేయకపోవడం మాత్రం వృత్తిధర్మంలో లోపమే.

హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజుతో కలిసి కలాం రూపొందించిన స్టెంటు మరొక మెట్టు. 1990ల దశకంలో గుండె రక్తనాళాలలో అమర్చే స్టెంట్లు విదేశాల నుండే వచ్చేవి. వాటి ధర సామాన్యునికి అందేది కాదు. స్వదేశంలో తక్కువ ఖర్చుతో తయారైన ఆ స్టెంటు కలాం–రాజు స్టెంటు అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ధర కూడా నైతిక విషయమేనని ఆ ప్రయత్నం గుర్తుచేసింది. ప్రాణం నిలిపే సాధనం ఉండి, అది కొనలేక మనిషి మరణిస్తే, ఆ సాధనం అతని వరకు లేనట్లే. అయితే ఈ మాటను ప్రభుత్వం చట్టబద్ధంగా అంగీకరించడానికి చాలాకాలం పట్టింది. 2017 ఫిబ్రవరిలో గాని జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర విధించలేదు. అప్పుడు సాధారణ లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత గల స్టెంటుకు 29,600 రూపాయలు పరిమితిగా నిర్ణయించారు.

చౌకదనం ఎంత అవసరమైనా దానికొక హద్దు ఉన్నది. పేదవానికి ఇస్తున్నాం గనుక కాస్త లోపమున్నా ఫరవాలేదనే ఆలోచన అన్నింటికంటె ప్రమాదకరమైనది. దీనిని గ్రహించడానికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్యవిజ్ఞాన సాంకేతిక సంస్థ చరిత్రను చూడవలసి ఉంటుంది. కీళ్లవాత జ్వరం సోకి గుండె కవాటాలు చెడిపోయేవారిలో అధికులు పేదలు, యువకులు. వారికోసం స్వదేశీ కవాటాన్ని తయారుచేయాలని శస్త్రవైద్యుడు ఎం.ఎస్. వలియత్తాన్, ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్, వారి సహచరులు పూనుకున్నారు.

ఆ పని ఎంత కఠినమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుంటే సంవత్సరానికి మూడు కోట్ల డెబ్బైఎనిమిది లక్షల సార్లు కొట్టుకుంటుంది. కవాటం పదేళ్లు పనిచేయాలంటే దాదాపు 38 కోట్ల సార్లు తెరచుకొని మూసుకోవాలి. ఒక్కసారి కూడా విఫలం కారాదు. మోటారు వాహనంలో భాగం విరిగితే బండిని ప్రక్కకు ఆపుకోవచ్చు. గుండెను ఆపి బాగుచేసుకొనే వీలు లేదు.

మొదటి నమూనాలో బిళ్లను పట్టి ఉంచే లోహపు కమ్మి ప్రయోగశాలలోని పరీక్షలోనే విరిగింది. రెండవ నమూనాకు టైటానియం చట్రం, అందులో నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్ల అమర్చారు. స్ఫటికపు కాఠిన్యానికి చట్రం అరిగిపోయింది. మూడవసారి చట్రానికి మరింత గట్టి మిశ్రమలోహాన్ని వాడారు. ఈ నమూనా యంత్రపరీక్షలన్నింటిలో నెగ్గింది. గొర్రెలకు అమర్చారు. మూడునెలల తరువాత ఒక గొర్రె మరణించింది. శవపరీక్షలో చూడగా స్ఫటికపు బిళ్ల పగిలి ఉన్నది.

ఇక్కడ నిలిచి ఆలోచించవలసి ఉన్నది. ఏళ్ల తరబడి శ్రమ, ప్రజాధనం, దేశమంతా ఎదురుచూస్తున్న ఫలితం ఒక వైపు. ఒక్క గొర్రె మరణం మరొక వైపు. ఒక్క బిళ్లలో ఏదో దోషం ఉండి ఉంటుందని సర్దిచెప్పుకొని ముందుకు సాగిపోవడం అసాధ్యమేమీ కాదు. అట్లా సాగిపోయినవారు ప్రపంచంలో లేకపోలేదు. తిరువనంతపురం బృందం ఆ నమూనాను ప్రక్కన పెట్టింది. అత్యధిక అణుభారం గల పాలిథిలీన్‌తో బిళ్లను చేసి నాలుగవసారి మొదలుపెట్టింది. వజ్రానికి సాటిరాగల స్ఫటికం విఫలమైనచోట ప్లాస్టిక్కు నెగ్గడం విచిత్రమే. 1990 డిసెంబరు 6న ఆ కవాటాన్ని తొలిసారిగా మనిషికి అమర్చారు. తరువాతి కాలంలో లక్షకు పైగా రోగులకు అది చేరింది. ఆ గొర్రె మరణాన్ని లెక్కలోకి తీసుకొనకపోయి ఉంటే మూడవ నమూనానే మనుషులకు చేరి ఉండేది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కెనడాలో తయారైన థెరాక్–25 అనే యంత్రం. క్యాన్సర్ గడ్డలపై కిరణాలను ప్రసరింపజేసే ఈ యంత్రం 1985 నుండి 1987 వరకు కెనడా, అమెరికా దేశాలలో ఆరుగురు రోగులపై మితిమీరిన మోతాదును కురిపించింది. వారిలో కొందరు ఆ కారణంగానే మరణించారు. అంతకుముందటి నమూనాలలో పొరపాటు జరిగితే కిరణాన్ని దానంతట అదే ఆపివేసే విద్యుత్, యాంత్రిక అడ్డుకట్టలు ఉండేవి. కొత్త యంత్రంలో వాటిని తొలగించి ఆ బాధ్యతను కంప్యూటరు ప్రోగ్రాముకు అప్పగించారు. రోగులు కాలినట్లుందని కేకలు పెట్టినప్పటికీ, అధిక మోతాదు వెలువడే అవకాశమే లేదని తయారీ సంస్థ ఆసుపత్రులకు సమాధానమిచ్చింది. ప్రోగ్రాములోని దోషం సాంకేతికమైనది. ఆ సమాధానం సాంకేతికమైనది కాదు. గనిలో పనిచేసినవారికి దీని తీవ్రత వెంటనే బోధపడుతుంది. పైకప్పు చిటపటలాడుతున్నదని పనిలో ఉన్నవాడు చెబితే, కూలే అవకాశం లేదని కాగితం చూసి చెప్పే అధికారిని ఎవరూ నమ్మరు.

యంత్రం పగలకుండా, కాల్చకుండా ఉన్నంతమాత్రాన నిర్దోషి అనుకొనరాదు. కొలిచే యంత్రం తప్పుగా కొలవడం మరింత సూక్ష్మమైన అపకారం. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటరు ఇంటింటికీ పరిచయమైంది. జపాను ఇంజనీరు టకువో అవోయగి 1970ల దశకంలో కనిపెట్టిన సూత్రంపై అది పనిచేస్తుంది. వేలిగుండా కాంతిని ప్రసరింపజేసి, రక్తం ఎంత కాంతిని గ్రహించిందో చూసి ప్రాణవాయువు శాతాన్ని అంచనా వేస్తుంది. అదే 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక విషయాన్ని బయటపెట్టారు. మీటరు 92 నుండి 96 వరకు చూపించిన రోగులలో, నిజానికి ప్రాణవాయువు ప్రమాదకరంగా తగ్గినవారు తెల్లవారిలో 3.6 శాతం కాగా నల్లవారిలో 11.7 శాతం ఉన్నారు. చర్మపు రంగు కాంతిని అడ్డుకుంటుంది. ఆ సంగతిని సరిచూసుకొనేందుకు తగినంతమంది నల్లనివారిపై పరికరాన్ని పరీక్షించలేదు. ఎవరూ ద్వేషంతో చేసిన పని కాదది. పరీక్షకు పిలిచినవారి జాబితాలో కొందరు లేరు, అంతే. నలుపు, చామనచాయ సర్వసాధారణమైన మన ప్రాంతంలో ఆ మీటరు చూపిన అంకెను నమ్మి ఇంటివద్దనే ఉండిపోయినవారిని తలచుకుంటే ఈ వార్త దూరదేశపు వార్తగా తోచదు.

ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమీటరు కథ గోదావరిఖనికి మరింత దగ్గరది. బొగ్గుధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి న్యుమోకోనియోసిస్ అనే వ్యాధి సోకుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. పోయిన శక్తి మళ్లీ తిరిగిరాదు. అందువల్లనే గని కార్మికులకు నియతకాలిక వైద్యపరీక్షలు జరపాలని 1955 నాటి గనుల నియమావళి నిర్దేశించింది. ఛాతీ ఎక్స్‌రేతోపాటు కార్మికుని చేత గొట్టంలోకి బలంగా ఊదించి, వెలువడిన గాలిని కొలుస్తారు. ఆ అంకెను అతని వయసుకు, ఎత్తుకు ఉండవలసిన అంకెతో పోల్చుతారు. సామాన్యంగా ఎనభై శాతం కంటె తగ్గితే లోపమున్నట్లు పరిగణించడం వాడుక.

ఉండవలసిన అంకెను నిర్ణయించినది ఎవరు? 1846లో ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్‌సన్ రెండువేలకు పైగా మనుషులను కొలిచి స్పైరోమీటరును లోకానికి పరిచయం చేశాడు. తరువాతి కాలంలో తెల్లవారి సగటును ప్రమాణంగా తీసుకొని, నల్లవారికి 10 నుండి 15 శాతం, ఆసియావారికి 4 నుండి 6 శాతం తగ్గించి లెక్కించే పద్ధతి అమెరికాలో స్థిరపడింది. కొన్ని యంత్రాలలో ఈ తగ్గింపు లోపలే అమరి ఉండేది. ఒక మీట నొక్కితే చాలు.

దాని ఫలితం ఎట్టిదో లెక్క వేసి చూడవచ్చు. ఒక కార్మికునికి ఉండవలసినది నాలుగు లీటర్లు, ఊదినది మూడు లీటర్లు అనుకుందాం. అది 75 శాతం, అతడు రోగి. ప్రమాణాన్ని పది శాతం తగ్గిస్తే ఉండవలసినది 3.6 లీటర్లు. అదే మూడు లీటర్లు ఇప్పుడు 83 శాతం అవుతుంది, అతడు ఆరోగ్యవంతుడు. ఊదిన మనిషి మారలేదు, ఊపిరి మారలేదు. 1999లో బాల్టిమోర్ నగరంలో ఓవెన్స్ కోర్నింగ్ అనే సంస్థ సరిగ్గా ఈ మార్గంలోనే, ఆస్బెస్టాస్ వల్ల దెబ్బతిన్నామని వ్యాజ్యం వేసిన నల్లజాతి కార్మికులకు వేరే ప్రమాణం వర్తింపజేయాలని కోరింది. న్యాయమూర్తి తిరస్కరించాడు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతినిబట్టి మార్చని ప్రమాణాన్ని వాడవలసిందిగా సూచించింది.

ఇది తేలికగా తీర్పు చెప్పగలిగిన వ్యవహారం కాదు. తగ్గింపు పూర్తిగా తీసివేస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోగి అనే ముద్ర పడవచ్చు. ఉంచితే రోగికి పరిహారం దక్కకపోవచ్చు. బాల్యంలో తగిన తిండి లేక ఊపిరితిత్తులు ఎదగని జనాభా సగటును సహజమని స్వీకరించవచ్చునా అనేది మరొక చిక్కు. సింగరేణి ప్రాంతంలో ‘అన్‌ఫిట్’ అనే మాట ఎంత బరువైనదో అక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు. తండ్రి ఉద్యోగం, కొడుకు భవిష్యత్తు, ఇంటి గడుపుబాటు ఆ ఒక్కమాటపై ఆధారపడి ఉంటాయి. అటువంటి మాటను పలికించే యంత్రంలో ఏ ప్రమాణం దాగి ఉన్నదో ఊదేవానికి తెలియదు. చాలా సందర్భాలలో ఊదించేవారికి కూడా తెలియకపోవచ్చు. రూపకర్త దానిని బయటపెట్టి, అర్థమయ్యే మాటలలో రాసి ఉంచడం కనీస ధర్మం.

తెలియజెప్పడం అనే ఈ విషయమే పరిశోధనా నీతికి మూలం. వ్యక్తి స్వచ్ఛందమైన అంగీకారం లేనిదే అతనిపై ప్రయోగం చేయరాదని 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి ప్రకటించింది. భారత వైద్య పరిశోధన మండలి 1980 నుండి ఈ విషయమై మార్గదర్శక సూత్రాలను వెలువరిస్తూనే ఉన్నది. కాగితంమీద ఉన్న సూత్రం పల్లెకు చేరేసరికి ఏమవుతుందో సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం ప్రాంతంలోనే తేటతెల్లమైంది.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేసే అధ్యయనం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. పాల్గొన్నవారిలో గిరిజన బాలికలు, ప్రభుత్వ వసతిగృహాలలో ఉండి చదువుకునేవారు చాలామంది. ఇక్కడా, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమైనదిగా గుర్తించింది. అనేక దేశాలు దానిని బాలికలకు ఇస్తున్నాయి.

అయినా వ్యవహారం అక్కడ సమసిపోలేదు. అంగీకార పత్రాలను పరిశీలించగా, 9,543 పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నాయి. మరి 2,763 పత్రాలపై సంతకం చేసినవారు తల్లిదండ్రులు కారు, వసతిగృహాల వార్డెన్లు. వార్డెను పిల్లలకు అన్నం పెట్టే బాధ్యత గలవాడే గాని, వారి శరీరంపై జరిగే అధ్యయనానికి తల్లి బదులుగా సరేననే అధికారం గలవాడు కాడు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం ఈ లోపాలను తీవ్రంగా ఆక్షేపించింది. మందు మంచిదే కావచ్చు. మంచిదైనందువల్ల అడగకుండా ఇవ్వవచ్చునన్న వాదం నిలువదు. వేలిముద్ర వేసిన తల్లికి అది ఏ కాగితమో ఎవరైనా చదివి వినిపించారా, ఆమె మాట్లాడే భాషలోనే వినిపించారా, వద్దనే హక్కు ఉన్నదని చెప్పారా అనేవి ఆ పత్రాలలో దొరకని సమాధానాలు.

ఇంజనీరుకు ఈ ఉదంతంతో పనేమిటని అనిపించవచ్చు. టీకాకు వర్తించిన నియమమే పరికరానికీ వర్తిస్తుంది. భారతదేశంలో వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1న అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నీ ఔషధాలతో సమానంగా చట్టం పరిధిలోకి వచ్చాయి. కొత్త పరికరాన్ని మనుషులపై పరీక్షించేముందు నైతిక సంఘం అనుమతి పొందడం తప్పనిసరి. రామగుండంలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైన తరువాత, బొగ్గు, విద్యుత్తు, యంత్రాలు తెలిసిన ఈ పట్టణానికి వైద్యవిద్యార్థులూ చేరువయ్యారు. గని కార్మికుని ఊపిరిని కొలిచే కొత్త సాధనాన్ని ఇక్కడే ఎవరో ఒకరు తయారుచేసే రోజు రావచ్చు. దానిని మొదట ఎవరిచేత ఊదిస్తారు, ఏ భాషలో అడుగుతారు, ఊదనని అన్నవాని షిఫ్టుకు ఏ ఇబ్బందీ రాకుండా ఎవరు చూస్తారు అనే ప్రశ్నలకు సాధనాన్ని గీసే కాగితంమీదనే చోటు ఉండాలి. వార్డెన్ల సంతకాల తరువాత చట్టం కొంత మారింది. బలహీన వర్గాలవారిపై కొత్త ఔషధాలను పరీక్షించేటప్పుడు వారికి వివరించి చెప్పిన తీరును, వారు అంగీకరించిన తీరును దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలన్న నిబంధన 2015లో వచ్చి, 2019 నాటి నియమాలలోనూ నిలిచింది.